కాయిల్ దాటడానికి ఎంతసేపు?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడ్డప్పుడు కరెంటుతో పాటు ఫోన్లూ మూగబోయాయి. అలాంటప్పుడు కారు బ్యాటరీ మీద నడిచే హామ్ రేడియో (ఔత్సాహికులు సొంతంగా నడిపే వైర్‌లెస్) అక్కరకొస్తుంది. చిక్కల్లా యాంటెన్నాతోనే. 7.1 మెగాహెర్ట్జ్‌ దగ్గర యాంటెన్నాకి కావలసిన పావు తరంగం (తరంగం పొడవులో నాలుగో వంతు) అంటే పదిన్నర మీటర్లు. అంత కడ్డీతో బీచ్ రోడ్డులో కారు నడపలేం. అందుకే 2.4 మీటర్ల కడ్డీ పెట్టి, దాని మొదట్లో కాయిల్ బిగిస్తారు: 5 సెంటీమీటర్ల గొట్టం మీద, 10 సెంటీమీటర్ల మేర 30 చుట్లు.

పూర్తి తరంగం 360 డిగ్రీలు, పావు తరంగం 90 అయితే ఈ కడ్డీ వాటా 20. మిగతా 70 డిగ్రీలూ కాయిలే పూడుస్తుందని చాలామంది నమ్మకం. వినడానికి బాగుంటుంది గానీ నిలబడదు. సిగ్నల్ కాయిల్ దాటే సమయాన్నీ డిగ్రీల్లోనే చెప్పొచ్చు: ఈ ఫ్రీక్వెన్సీలో ఒక నానోసెకండు (సెకండులో వంద కోట్లో వంతు) అంటే రెండున్నర డిగ్రీలు. చుట్లన్నీ విప్పితే తీగ 4.7 మీటర్లు, సిగ్నల్ కాంతి వేగంతో దాని వెంటే తిరిగినా 16 నానోసెకండ్లు, అంటే 40 డిగ్రీలే. నిజానికి అంత కూడా పట్టదు. ఒక చుట్టు అయస్కాంత క్షేత్రం పక్క చుట్లనూ తాకుతుంది కదా! అలాగని పది సెంటీమీటర్లు తిన్నగా దాటే 0.33 నానోసెకండులోనూ అయిపోదు. జవాబు ఈ రెంటి మధ్య ఉంటుంది. ఆవేశాన్ని నిలవ చేసుకునే కడ్డీ గుణం, అంటే కెపాసిటెన్స్‌ని కాయిల్ ఇండక్టెన్స్ (కరెంటు మార్పును అడ్డుకునే గుణం) రద్దు చేస్తే రెజొనెన్స్ వచ్చేస్తుంది, అంటే యాంటెన్నా ఆ ఫ్రీక్వెన్సీకి శ్రుతి కలుస్తుంది. డిగ్రీలు కూడి 90 కానక్కర్లేదు.

కొలవడంలోనే తమాషా అంతా. కాయిల్ రెండు కొసల్లో తీగను కరెంటును పసిగట్టే ఫెర్రైట్ రింగుల గుండా పోనిచ్చి, అలల్ని గీసి చూపే ఆసిలోస్కోప్‌లో చూస్తే రెండు అలలూ దాదాపు కలిసే కనిపిస్తాయి. ఆలస్యమే లేదనుకుంటాం. కానీ యాంటెన్నాలో ఉన్నది స్థిర తరంగం. కొసదాకా పోయిన కరెంటు వెనక్కొచ్చి, పోతున్నదానితో కలుస్తుంది. అందులో చోటును బట్టి కరెంటు తగ్గుతుందే గానీ ఫేజ్, అంటే అల ఎగసిపడే క్షణం, కదలదు. ఆలస్యం తెలియాలంటే తిరుగు అల ఉండకూడదు. అందుకు చివర, అలకు కాయిల్ చూపే అడ్డు, అంటే దాని సొంత ఇంపెడెన్స్‌కి సరిపడే, వేల ఓముల రెసిస్టర్ కావాలి. చేతికందిన 50 ఓములు పెట్టి వోల్టేజీ చూస్తే ఏకంగా 80 డిగ్రీలు దాటిన తేడా! అది ప్రయాణ సమయం కాదు, ఇండక్టెన్స్ చేసే మామూలు పనే.

రింగుల నుంచి ఆసిలోస్కోప్‌కి వెళ్లే కేబుళ్లలో ఒకటి 20 సెంటీమీటర్లు పొడుగైనా ఒక నానోసెకండు అక్కడే తేడా వస్తుంది. అందుకే రింగుల్ని కేబుళ్లతో సహా అటూ ఇటూ మార్చి, మళ్లీ కొలిచి సగటు తీస్తారు. విశాఖలో ఇంకో తంటా ఉంది: సముద్రపు గాలికి కాయిల్ మీద ఉప్పు పేరుకుని తేమ పీలుస్తుంది. మంచినీళ్లతో కడిగి, బాగా ఆరాకే కొలవాలి.