మనిషిని ఎత్తకండి, ముందుకు వంగనివ్వండి

పక్షవాతం వచ్చిన మనిషిని ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు మందుల చీటీ ఇస్తారు, ఉప్పు తగ్గించమంటారు, ఫిజియోథెరపీ మానొద్దంటారు. మంచం మీంచి చక్రాల కుర్చీలోకి, కుర్చీలోంచి మళ్ళీ మంచం మీదికి ఎలా మార్చాలో మాత్రం చాలాచోట్ల ఎవరూ దగ్గరుండి చూపించరు. ఇంటికొచ్చాక రోజూ ఎన్నోసార్లు చేయాల్సిన పని అదే. కొడుకో కోడలో చంకల్లో చేతులు వేసి, ఊపిరి బిగబట్టి పైకి లాగేస్తారు. కొన్నాళ్ళకి లేపేవాళ్ళకి నడుం పట్టేస్తుంది, లేచేవాళ్ళకి భుజం నొప్పి మొదలవుతుంది. ఇవి రెండు వేర్వేరు బాధలనుకుని ఇద్దరికీ చెరో మాత్ర వేస్తాం. చాలా ఇళ్ళలో రెండింటికీ మూలం ఆ చంకల పట్టే.

ముందు లేపేవాళ్ళ నడుం సంగతి చూద్దాం. వెన్నెముకని నిలబెట్టే పెద్ద కండరాలు, వెన్నుపూసల మధ్య ఉండే డిస్కుకి దాదాపు 5 సెంటీమీటర్ల వెనక ఉంటాయి. చేతుల్లోని బరువేమో డిస్కుకి 40 సెంటీమీటర్ల ముందు వేలాడుతుంది. ఒక చేయి జానెడు, ఇంకో చేయి బారెడు ఉన్న తక్కెడ లాంటిదన్నమాట. 60 కిలోల మామగారిని కోడలు లేపుతోందనుకోండి. ఆయన సొంత కాళ్ళు చాలావరకు మోసి, ఆవిడ చేతుల మీద పడింది 20 కిలోలే అనుకుందాం. 20ని 40తో హెచ్చవేసి 5తో భాగిస్తే 160. అంటే ఆ 20 కిలోల కోసం వెన్ను కండరాలు 160 కిలోల బలంతో బిగుసుకోవాలి. ఆవిడ వంగి ఉంది కాబట్టి ఆవిడ సొంత తల, చేతులు, ఛాతీ బరువు కూడా ముందుకే లాగుతుంది. 55 కిలోల మనిషికి నడుం పైభాగం 30 కిలోల దాకా ఉంటుంది. వంగినప్పుడు దాని భారకేంద్రం డిస్కుకి 25 సెంటీమీటర్ల ముందుకొస్తే ఇంకో 150 కిలోలు. ఈ 310 కిలోల బిగువంతా డిస్కునే నొక్కుతుంది. మోస్తున్న బరువు, ఒంటి బరువు దానికి అదనం. ఇది కాగితం మీద వేసుకున్న ముతక లెక్కే అయినా అసలు సంగతి చెప్పేస్తుంది.

అమెరికాలో పనిచోట ఆరోగ్యం మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ పేరు నయోష్. నడుం కింది డిస్కు మీద ఒత్తిడి 3400 న్యూటన్లు దాటకూడదని ఆ సంస్థ 1981లోనే హద్దు పెట్టింది. మన కిలోల్లో అది సుమారు 347. పైన వేసిన లెక్కలో కోడలు ఆ గీత మీదే నిలబడి ఉంది, అదీ చేతుల్లో 20 కిలోలతోనే! అదే 20 కిలోలు ఒంటికి 20 సెంటీమీటర్ల దూరంలో ఉండి, నడుం దాదాపు నిటారుగా ఉంటే మొత్తం ఒత్తిడి సగానికి దగ్గరగా పడిపోతుంది. దగ్గరగా నిలబడమనీ, నడుం కాకుండా మోకాళ్ళు వంచమనీ ఫిజియోథెరపిస్టులు పదేపదే చెప్పేది అందుకే.

అన్నీ అనుకూలంగా ఉంటే ఒక పెట్టెని 23 కిలోల దాకా ఎత్తొచ్చని నయోష్ సూత్రం. మనుషుల విషయంలో ఆ హద్దుని 16 కిలోలకి దించాలని అక్కడి శాస్త్రవేత్త థామస్ వాటర్స్ 2007లో సూచించారు. పెట్టె భయపడదు. మనిషి మధ్యలో మోకాళ్ళు వదిలేయొచ్చు, హఠాత్తుగా మెడ పట్టుకుని వేలాడొచ్చు. ఇంకొకరి సాయం ఉంటే ఫరవాలేదు కదా అనిపిస్తుంది. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో విలియం మారస్ బృందం 1999లో కొలిచి చూస్తే, ఇద్దరు కలిసి చేతులతో ఎత్తినా నడుముకి ప్రమాదం తప్పడం లేదని తేలింది. లేపేవాళ్ళు నడుముకి బెల్టు కట్టుకుంటే కాపాడుతుందనే నమ్మకానికి కూడా గట్టి ఆధారాలు లేవు.

ఇక లేచేవాళ్ళ భుజం. భుజం కీలులో చేతి ఎముక గుండు కూర్చునే గుంట చాలా లోతు తక్కువ. ఆ గుండుని చోటు తప్పకుండా పట్టి ఉంచేది చుట్టూ ఉన్న కండరాలే. పక్షవాతంలో అవి వదులైపోతే చేయి బరువుకే గుండు కిందికి జారుతుంది. భుజం అంచు కింద వేలు పెడితే చిన్న పల్లం తగులుతుంది కూడా. అలాంటి కీలు కింద చేతులు పెట్టి ఒళ్ళంతా పైకి లాగితే, పట్టుకునే కండరం లేని చోట మెత్తటి పొరలు, నరాలు నలుగుతాయి. ఆ నొప్పితో వ్యాయామం మానేస్తారు, మానేస్తే చేయి బిగుసుకుపోతుంది. చేయి పట్టి గుంజడం అంతకంటే చెడ్డది. ఆసరా ఇవ్వాల్సిన చోట్లు నడుం, తుంటి, వీపు మీది రెక్క ఎముక. పడిపోయిన చేతిని ఒళ్ళో పెట్టి ఉంచాలి.

అయితే లేపేది ఎలా? అసలు మనం కుర్చీలోంచి ఎలా లేస్తామో గమనించండి. పాదాలు ముందుకు చాపి, వీపు నిటారుగా పెట్టి లేవడానికి ప్రయత్నించండి. ఎంత బలవంతులైనా లేవలేరు. కూర్చున్నప్పుడు ఒంటి బరువంతా పిరుదుల మీద ఉంటుంది, లేవాలంటే అది పాదాల మీదికి రావాలి. అందుకే మనకి తెలియకుండానే పాదాలు వెనక్కి లాక్కుంటాం, తలా ఛాతీ ముందుకు వాలుస్తాం. ఆ వాలిన ఊపుతోనే పిరుదులు సీటు మీంచి తేలతాయి. కాళ్ళు చాపుకోవడం, అంటే పైకి లేవడం, ఆ తర్వాతే.

ఇక్కడే మనం అడ్డుపడుతున్నాం. మామగారికి ఎదురుగా అతుక్కుని నిలబడి, వాటేసుకుని నిట్టనిలువుగా లాగితే ఆయన తల ముందుకు రావడానికి చోటే ఉండదు. ఆయన కాళ్ళలో మిగిలిన బలం పనిచేయడానికి వీల్లేకుండా మనమే దారి మూసేశాం, బరువు మొత్తం మన మీద వేసుకున్నాం. ఈ ఒక్క సంగతి కుటుంబాలకి ఆస్పత్రిలోనే నేర్పితే ఎన్ని నడుములు, ఎన్ని భుజాలు దక్కేవో! బాధ్యత ఇంటివాళ్ళ మీద పెట్టి, పద్ధతి చెప్పకుండా పంపేయడం అన్యాయం.

ఆయనకి కుడివైపు పడిపోయిందనుకుందాం. కుర్చీ ఆయన ఎడమ పక్కన, అంటే బలం ఉన్న వైపు, మంచానికి కాస్త ఏటవాలుగా ఆనించి పెట్టాలి. తిరిగి మంచం మీదికి వచ్చేటప్పుడు మంచం మళ్ళీ ఎడమ పక్కకే రావాలి కాబట్టి కుర్చీని రెండో దిక్కుకి తిప్పి పెట్టాలి. మొదట అది మంచం తలవైపు చూస్తుంటే, ఇప్పుడు కాళ్ళవైపు చూడాలి. మనం మంచాన్ని గది మూలకి నెట్టేస్తాం కనక ఇది కుదరదు. మంచాన్ని కొంచెం ఇవతలికి లాగడం పైసా ఖర్చులేని మందు. తర్వాత తర్వాత బలహీనమైన వైపుకీ మారడం ఫిజియోథెరపిస్టు నేర్పుతారు. మొదట్లో ఇంట్లో సొంతంగా ఆ ప్రయోగం వద్దు.

బ్రేకులు రెండూ వేయాలని అందరికీ తెలుసు. ఆ బ్రేకు టైరుని నొక్కి పట్టుకుంటుందన్నది చాలామంది గమనించరు. గాలి పోసే టైర్లయితే, గాలి తగ్గినప్పుడు బ్రేకు పిడి పూర్తిగా వేసినా చక్రం జారుతుంది. వేసిన తర్వాత కుర్చీని ఒకసారి తోసి చూడాలి. పాదాల పలకలు పక్కకి తప్పించాలి. వాటి మీద కాలు పెట్టి లేస్తే కుర్చీ ముందుకు బోర్లా పడుతుంది. నేల తడిగా ఉండకూడదు, ఇద్దరి కాళ్ళకీ జారని చెప్పులో బూట్లో ఉండాలి, మేజోళ్ళతో టైల్స్ మీద నిలబెట్టకూడదు. లుంగీ అంచు, చీర కుచ్చిళ్ళు కాళ్ళకింద పడకుండా పైకి దోపుకోవాలి. యూరిన్ సంచీ ఉంటే దాన్ని మంచం నుంచి ముందే విప్పాలి.

ఎత్తు సంగతి కొంచెం ఎక్కువ పట్టించుకోవాలి. చక్రాల కుర్చీ సీటు సాధారణంగా నేల నుంచి 19, 20 అంగుళాలు ఉంటుంది. మంచం అంతే ఎత్తుండాలి, లేదా లేచి బయల్దేరే చోటు కాస్త ఎత్తుగా ఉండాలి. ఎత్తైన సీటు నుంచి లేస్తే మోకాలి మీద పడే భారం 60 శాతం దాకా తగ్గొచ్చని 2002లో వచ్చిన ఒక పరిశోధనల సమీక్ష తేల్చింది. నవారు మంచమైతే మధ్యలో కుంగి మోకాళ్ళు తుంటి కంటే పైకి వస్తాయి. అందులోంచి లేవడం ఆరోగ్యవంతుడికే కష్టం. మెత్తటి ఫోమ్ పరుపూ అంతే. మంచం కోళ్ళ కింద కదలని చెక్క దిమ్మెలు వేసి, గట్టి పరుపు మారిస్తే లేపేవాళ్ళ పని సగం తీరుతుంది.

పడుకున్న మనిషిని లేపగానే నిలబెట్టొద్దు. నిలబడగానే అర లీటరుకి పైగా రక్తం కాళ్ళలోకి, పొట్టలోకి దిగుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో రక్తనాళాలు వెంటనే బిగుసుకుని సర్దుకుంటాయి. చాలాకాలం మంచాన ఉన్నవాళ్ళలో, బీపీ మాత్రలు, షుగరు ఉన్నవాళ్ళలో ఆ సర్దుబాటు ఆలస్యమవుతుంది. నిలబడ్డ 3 నిమిషాల్లోపు పై బీపీ 20, లేదా కింది బీపీ 10 పాయింట్లు పడితే డాక్టర్లు దాన్ని జబ్బు కిందే లెక్కేస్తారు. మంచం అంచున కాళ్ళు వేలాడేసి రెండు మూడు నిమిషాలు కూర్చోబెట్టి, పాదాలు ఆడించమని చెప్పి, కళ్ళు తిరుగుతున్నాయా అని అడిగాకే లేపాలి.

ఇప్పుడు అసలు కదలిక. మామగారు ఒకసారి ఎడమ పిరుదు, ఒకసారి కుడి పిరుదు జరుపుకుంటూ మంచం అంచుకి వస్తారు. పాదాలు రెండూ నేలకి పూర్తిగా ఆనాలి, మడమలు మోకాళ్ళ కంటే కొంచెం వెనక్కి ఉండాలి. కోడలు ఆయన కుడివైపు ముందు, కాస్త పక్కకి నిలబడి తన మోకాలిని ఆయన కుడి మోకాలికి ఆనిస్తుంది. అది మడత పడకుండా ఆపడానికి అంతకంటే మంచి అడ్డు లేదు. ఆయన నడుముకి పిడులున్న ట్రాన్స్‌ఫర్ బెల్టు కడితే పట్టు దొరుకుతుంది. పైజామా నాడా, లుంగీ ముడి పట్టుకోకూడదు, ఊడొస్తాయి. ఆయన ఎడమ చేయి మంచం మీద గానీ కుర్చీ చేతి మీద గానీ ఉండాలి, కోడలి మెడ చుట్టూ కాదు.

“మామయ్యగారూ, మూడు అనగానే ముందుకు వంగి లేవండి. ముక్కు మీ కాలివేళ్ళ మీదికి రావాలి. ఒకటి, రెండు, మూడు!” ఈ లెక్కపెట్టడం వట్టి అలవాటు కాదు. కదలబోతున్నామని ముందే తెలిస్తే మెదడు నడుం, పొట్ట కండరాలని క్షణం ముందే బిగించి సిద్ధం చేస్తుంది. తెలియకుండా మీద పడ్డ బరువే ఎక్కువ దెబ్బ తీస్తుంది. ఇది ఇద్దరికీ వర్తిస్తుంది. మాట అర్థం కానివాళ్ళయితే భుజం మీద చేయి వేసి, మనం వంగి చూపించాలి. ఆయన ముందుకు వాలుతుంటే కోడలు తన బరువు వెనక కాలి మీదికి మార్చుకుంటూ ఆయనకి చోటిస్తుంది. పిరుదులు తేలాక పూర్తిగా నిలబడక్కర్లేదు కూడా, సగం లేస్తే చాలు. అక్కడినుంచి ఇద్దరూ చిన్న చిన్న అడుగులతో తిరగాలి. పాదాలు నేలకి పాతేసినట్టుంచి నడుం తిప్పకూడదు. డిస్కు చుట్టూ ఉన్న పీచు పొరలు ఒకదానికొకటి ఎదురు ఏటవాలుగా అల్లుకుని ఉంటాయి. మెలితిప్పితే ఒక దిక్కు పీచులే భారమంతా మోస్తాయి, మిగతావి వదులైపోతాయి. వంగి తిప్పడం నడుముకి అన్నిటికన్నా హాని చేసే కలయిక. కుర్చీ అంచు పిక్కల వెనక తగిలాక, మళ్ళీ ముందుకు వంగుతూ నెమ్మదిగా కూర్చోవాలి. ధబాలున కూలబడనివ్వొద్దు.

మధ్యలో ఆయన కాళ్ళు వదిలేస్తే? గాల్లో పట్టి ఆపాలనుకోవద్దు. దగ్గరికి హత్తుకుని, మన తొడ మీంచి జారనిస్తూ, మోకాళ్ళు వంచి నేల మీద కూర్చోబెట్టాలి. తల తగలకుండా చూడటమే ముఖ్యం. వెంటనే లేపకుండా తుంటి నొప్పి, తలకి దెబ్బ ఉన్నాయేమో చూసి, అవసరమైతే 108కి ఫోన్ చేయాలి.

రెండు కాళ్ళకీ బలం లేనివాళ్ళకి, వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళకి ఈ పద్ధతి కాదు. వాళ్ళ చేతులు బలంగా ఉంటే నున్నటి ట్రాన్స్‌ఫర్ బోర్డు ఒక కొస తొడ కింద, రెండో కొస కుర్చీ సీటు మీద పెట్టి జరుగుతారు. కుర్చీ చేయి ఊడి వచ్చే రకమైతేనే ఇది కుదురుతుంది, కొనేటప్పుడే అడగాలి. తల ఎటు వంచితే పిరుదులు దానికి ఎదురు దిక్కుకి తేలిగ్గా కదులుతాయి. కుర్చీ ఎడమవైపు ఉంటే తల కుడివైపు ముందుకు వంచాలి. ఒట్టి చర్మం బోర్డుకి అంటుకుంటుంది, మధ్యలో బట్ట ఉండాలి. చర్మం అంటుకుపోయి లోపలి ఎముక జరిగితే మధ్యలోని సన్నటి రక్తనాళాలు మెలిపడతాయి. పడక పుండ్లకి ఈ రాపిడి ఒక పెద్ద కారణం. పరుపు మీద మనిషిని బరబరా ఈడ్చకూడదనేది అందుకే.

చేతుల్లో కూడా బలం లేకపోతే, మాట వినే స్థితి లేకపోతే, ఒంటరిగా చేతులతో మార్చడం మానేయాలి. జోలెలాంటి స్లింగ్‌తో ఎత్తే హాయిస్ట్ అద్దెకి కూడా దొరుకుతుంది. తెచ్చే ముందు మంచం కిందికి వంగి చూడండి. హాయిస్ట్ కాళ్ళు మంచం కిందికి దూరాలి, దానికి నాలుగైదు అంగుళాల ఖాళీ కావాలి. కింద బీరువాలా మూసేసిన దివాన్ కాట్ అయితే అది పనికిరాదు.

కుర్చీలో కూర్చున్నాక పిరుదులు వెనక్కి పూర్తిగా ఆనాయో లేదో చూడాలి. ముందుకు జారి కూర్చుంటే కాసేపట్లో వీపు కింది చర్మం మళ్ళీ రాపిడికి గురవుతుంది. పాదాల పలకలు దించి పాదాలు పెట్టాలి, పడిపోయిన చేయి చక్రం చువ్వల్లోకి వేలాడకుండా ఒళ్ళో దిండు మీద పెట్టాలి, యూరిన్ సంచీ పొత్తికడుపు కంటే కిందికి తగిలించాలి. తర్వాత ప్రతి పావుగంటకో అరగంటకో ముందుకో పక్కకో వంగి పిరుదుల మీది బరువు తీసేలా చూడాలి. సొంతంగా వంగలేకపోతే పక్కనున్నవాళ్ళు వంచి పట్టుకోవాలి.