పెద్ద సర్వర్ ఒకటా, చిన్నవి పదా?

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

మీ క్యాంటీన్ ఆర్డర్ల యాప్‌కి జనం పెరిగారనీ, మధ్యాహ్నం అయ్యేసరికి సర్వర్ మొరాయిస్తోందనీ, ఇక చాలా మెషిన్ల మీద యాప్‌ని తనే నడిపించే కుబెర్నెటిస్ పెట్టేద్దామా అనీ రాశారు. తొందరపడకండి.

ముందు అసలు ఎక్కడ ఇరుక్కుంటోందో చూడండి. సీపీయూ నిండిపోతోందా, ర్యామ్ అయిపోతోందా, డేటాబేస్ దగ్గర క్యూ కడుతోందా? చాలాసార్లు ఇండెక్స్ (పుస్తకం చివరి పదసూచిక లాంటిది) లేని ఒక్క క్వెరీయే, అంటే డేటాబేస్‌ని అడిగే ప్రశ్నే, కొంప ముంచుతుంది. దాన్ని వదిలేసి మెషిన్లు పెంచితే పెరిగేది బిల్లే.

అప్పటికీ చాలకపోతే దారులు రెండు. ఉన్న మెషిన్‌నే పెద్దది చేయడం వర్టికల్ స్కేలింగ్. కోడ్ ముట్టుకోనక్కర్లేదు. కాకపోతే అది పడిపోతే అంతా పడిపోతుంది, ఒక హద్దు దాటాక ధర చుక్కలు చూపిస్తుంది. అలాంటివే ఇంకొన్ని చేర్చి, ముందు లోడ్ బ్యాలెన్సర్ ఉంచి పని పంచడం హారిజాంటల్. పైకి ఇదే తేలిక అనిపిస్తుంది, చిక్కంతా ఇందులోనే ఉంది.

ఇంటర్ ఫలితాల రోజు లక్షల మంది ఒకేసారి సైట్ మీద పడతారు. అయినా మార్కులు అప్పటికే ఖరారైపోయాయి, హాల్‌టికెట్ నంబర్ కొడితే చూపించడమే పని. ఏ సర్వర్ చెప్పినా జవాబు ఒకటే కాబట్టి ఎన్ని కాపీలైనా పెట్టుకోవచ్చు.

తత్కాల్ అలా కాదు. ఉదయం 11 గంటలకు స్లీపర్ బుకింగ్ తెరుస్తారు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఒకే ఒక్క బెర్త్ మిగిలిందనుకోండి. ఇద్దరు ఒకే క్షణంలో నొక్కారు, చెరో సర్వర్‌కి వెళ్లారు. రెండు సర్వర్లూ ఖాళీగానే ఉందనుకుంటే అదే బెర్త్ ఇద్దరికీ వెళ్లిపోతుంది. అలా కాకూడదంటే డేటాబేస్‌లో ఒకచోట లాక్ పడాలి, ఒకరి పని తేలాకే ఇంకొకరిది. ముందు వంద వెబ్ సర్వర్లున్నా అన్నీ ఆ లాక్ దగ్గరికి రావాల్సిందే. రైళ్లను వేర్వేరు డేటాబేసులకు పంచొచ్చు గానీ, ఆ ఒక్క రైలు కోసం జరిగే తోపులాట మాత్రం తగ్గదు.

ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లో వాళ్లు 2016లో రోజుకు 20 కోట్లకు పైగా రిక్వెస్టులను 11 వెబ్ సర్వర్లతో లాక్కొచ్చారు. డేటాబేస్‌ని మాత్రం ముక్కలు చేయకుండా, 384 జీబీ ర్యామ్ ఉన్న పెద్ద మెషిన్ మీద పెట్టారు. అంటే రెండు పద్ధతులూ వాడారు, ఏది ఎక్కడ సరిపోతే అక్కడ. నాకు నచ్చేదీ అదే.

మీ కోడ్ చూశాను. లాగిన్ వివరాలు సర్వర్ మెమరీలోనే ఉంచుతున్నారు. రెండో సర్వర్ పెట్టిన రోజున అది ఎవర్నీ గుర్తుపట్టదు, పేజీ మారినప్పుడల్లా మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది. వాటిని అన్ని సర్వర్లూ చూడగలిగే రెడిస్ అనే డేటా స్టోర్‌లోకి మార్చండి. అప్‌లోడ్ చేసిన ఫోటోలను కూడా ఆ సర్వర్ డిస్క్ మీంచి తీసేసి అందరికీ అందే స్టోరేజ్‌లో పెట్టండి. తర్వాత వెబ్ సర్వర్లు రెండు చేయండి. డేటాబేస్‌కి ర్యామ్ పెంచి, ఒక రెప్లికా (ఎప్పటికప్పుడు దాన్నే అనుసరించే రెండో కాపీ) తగిలించి, రోజూ బ్యాకప్ తీయండి. ఆ బ్యాకప్ నిజంగా రీస్టోర్ అవుతోందో లేదో ఒకసారి చేసి చూసి నాకు రాయండి. కుబెర్నెటిస్ సంగతి సంక్రాంతికి వచ్చినప్పుడు మాట్లాడుకుందాం.

మీ పెదనాన్న