పాత చీరల కొట్టు పెట్టాలనుకునే పిల్లలకు

ప్రియమైన పిల్లలకు,

పాత చీరల కొట్టు పెట్టాలని ఉంది, ఎలా మొదలుపెట్టాలో చెప్పమని మీలో కొందరు అడిగారు. ఇంకొందరేమో కొట్టు సంగతి తర్వాత, ముందు అమ్మమ్మ చీర కట్టుకుంటే చిరుగుతుందేమోనని భయంగా ఉందన్నారు. ఇద్దరికీ కలిపే రాస్తున్నాను. పాత బట్ట కట్టుకోవడం తెలియనివాళ్ళు దాన్ని అమ్మలేరు.

మన వీధుల్లో ఇప్పటికీ మైకు పెట్టుకుని ఆటో వస్తుంటుంది, "పాత పట్టుచీరలు కొంటాం" అంటూ. ఆ చీరలు చాలామటుకు మంటలోకి పోతాయి. పాతకాలపు అసలు జరీ అంటే పట్టుదారం మీద సన్నటి వెండితీగ చుట్టి, దానికి బంగారు పూత వేసినది. చీర కాల్చి బూడిద కరిగిస్తే వెండి చేతికొస్తుంది. వాళ్ళు డబ్బు కట్టేది ఆ వెండికే, నేతకు పైసా లేదు. జరీ లేని నూలు చీరలు స్టీలు గిన్నెలకు పోతాయి. నాకు కడుపు తరుక్కుపోయేది అక్కడే. వెంకటగిరి జాందానీ చీరలో ఒక్కొక్క బుటా నేతగాడు అదనపు దారం చేత్తో దూర్చి, పోగు పోగుకీ లెక్క చూసుకుంటూ వేసింది. అలాంటి చీర ఒక మూత గిన్నెకు పోతుంది. కొనేవాళ్ళని తప్పు పట్టను, వాళ్ళ బతుకుతెరువు అది. అది ఫలానా చీర అని ఆ ఇంట్లోవాళ్ళకు చెప్పే మనిషి లేకపోయారే అని నా బాధ. ఆ చెప్పే మనిషి మీరు కావాలి. బట్ట గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పి, దాన్ని మళ్ళీ ఒకరు కట్టుకునేలా చెయ్యడమే కొట్టు పని. మిగతావన్నీ దాని వెనకాలే వస్తాయి.

చెప్పాలంటే ముందు చూడటం రావాలి. చీర చేతికి రాగానే తిరగేసి వెనకవైపు చూడండి. పోచంపల్లి చీర దారానికి ముందే ముడులు కట్టి రంగులద్ది, ఆ తర్వాత నేస్తారు. అందుకే డిజైను రెండువైపులా ఒకేలా ఉంటుంది, గీతల అంచులు కొంచెం చెదిరినట్టుంటాయి. అదే డిజైను అచ్చు వేస్తే వెనకవైపు వెలిసినట్టు కనబడుతుంది. జరీని వెనకనుంచి గోటితో మెల్లగా గీకితే లోపల ఎర్రటి పట్టుదారం బయటపడాలి. అసలు జరీ ఏళ్ళ తరబడి బీరువాలో ఉంటే నల్లబడుతుంది. ప్లాస్టిక్ జరీ ఎన్నేళ్ళయినా మెరుస్తూనే ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు నల్లబడ్డ అంచు పక్కకు నెట్టి మెరిసేది ఎత్తుకుంటారు. మీరు ఆ నల్లదాన్నే ముందు చేతిలోకి తీసుకోండి. పట్టేనా కాదా అని అనుమానమొస్తే కొంగు చివర ఒక్క పోగు లాగి వెలిగించండి. వెంట్రుక కాలిన వాసనొచ్చి, బూడిద వేళ్ళ మధ్య పొడి అయితే పట్టు. కరిగి గట్టి పూసలా ముద్దకడితే పాలిస్టరు.

చీర ఏ కాలం నాటిదో చెప్పడానికి నాకు బాగా పనికొచ్చేది దానితో పాటు దొరికే కాగితం, అట్టపెట్టె, బిల్లు. ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కి ముందుది అయి ఉండొచ్చు. నయా పైసలని ఉంటే 1957కీ 1964కీ మధ్యది. కంచి దుకాణం పెట్టె మీద మద్రాసు రాష్ట్రం అని అచ్చయితే 1969కి ముందుది. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ కనిపిస్తే అది 1972 ఆగస్టు తర్వాతదే. అసలు పట్టని హామీ ఇచ్చే సిల్క్ మార్క్ చీటీ ఉంటే 2004 తర్వాతది. అయితే ఒక మాట గుర్తుంచుకోండి. మన ఆడవాళ్ళు మంచి పెట్టె పారెయ్యరు, ఒక చీర పెట్టెలో ఇంకో చీర పెడతారు. కాబట్టి పెట్టె చెప్పింది నేత కూడా చెప్పాలి. చెప్పకపోతే "సుమారుగా" అని చీటీ మీద రాయండి. నిజాం ఇంటి చీర, జమీందారిణి చీర అని కథ అల్లితే ఆ రోజుకి ధర పలుకుతుంది గానీ, అసలు కథ ఉన్న చీర తెచ్చినప్పుడు మీ మాట ఎవరూ నమ్మరు.

చిరుగు ఎక్కడ మొదలవుతుందో మీకు గద్వాల చీర చూపించి చెప్పాలని ఉంది. అందులో ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నేసేటప్పుడు అంచు పేకనీ (పేక అంటే అడ్డపోగు) చీర ఒంటి పేకనీ వరస వరసకీ ఒకదానిలో ఒకటి మెలేసి కలుపుతారు. కుప్పడం అంటారు దాన్ని. పాత చీరని కిటికీకి ఎదురుగా పట్టుకుంటే ఆ కలయిక దగ్గర సన్నటి వెలుతురు గీత కనబడుతుంది. అంచు బరువుకి నూలు సాగి, అక్కడ పోగులు విడిపోతాయన్నమాట. అంత చిన్నగా ఉన్నప్పుడే రఫూ చెయ్యించాలి. వేలు పట్టేంత అయ్యాక రఫూ పనివాళ్ళు కూడా చేతులెత్తేస్తారు. ఆ తర్వాత చూడాల్సినవి మడతలు. ఏళ్ళ తరబడి ఒకే మడత మీద ఉన్న పట్టు ఆ గీత వెంటే చిట్లుతుంది. మడమల దగ్గర అంచు ఎలాగూ నలుగుతుంది. రెండు అంచులూ ఒకేలా ఉంటే చీరని తలకిందులు చేసి కట్టుకోవచ్చు, మన పెద్దవాళ్ళు చేసిన పనే.

కట్టుకునేటప్పుడు మీరు గమనించేది పన్నా, అంటే చీర వెడల్పు. పాత చీరల పన్నా ఇప్పటివాటికన్నా తక్కువ, పొడుగు పిల్లలకు చీలమండ పైకి వస్తుంది. అంచుకి గుడ్డ అతికించి పొడిగించకండి. నడుము దగ్గర తక్కువ దోపి, ఎత్తు మడమల చెప్పులు మానేస్తే సరిపోతుంది. పిన్ను పెడితే కింద చిన్న గుడ్డముక్క వేసి పెట్టండి, లాగుడు దాని మీద పడుతుంది. సెంటు జరీ మీద కొట్టొద్దు, నల్లబడుతుంది. నూలు చీర కుంకుడు రసంలో ఉతకండి, కానీ ముందు తడిపిన తెల్లగుడ్డతో అంచు మీద ఒత్తి రంగు దిగుతుందేమో చూసుకోండి. ఇక అలంకారం మాట. పాతకాలం చీర కట్టాం కదా అని బుట్టచేతుల జాకెట్టు, జడగంటలు, కాసులపేరు అన్నీ ఒకేసారి వేసుకుంటే నాటకానికి వెళ్తున్నట్టుంటుంది. ఒక్కటి పాతది, మిగతావి మీ రోజువారీవి. పాత నారాయణపేట గళ్ళ చీరకు మామూలు తెల్ల జాకెట్టు ఎంత నిండుగా ఉంటుందో ఒకసారి కట్టి చూడండి. మగపిల్లలు మమ్మల్ని మర్చిపోయారనకండి. తాతయ్య పెట్టెలో పొందూరు ఖద్దరు పంచె ఉంటే అది మీది. ఆ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, చేత్తో వడికి నేస్తారు. వేసవిలో అంతకు మించిన బట్ట నాకు తెలియదు.

ఇంట్లో అభ్యంతరం వస్తుంది, "ఒకరు కట్టి విడిచినవి మనకెందుకు" అని. కసిరి మాట్లాడకండి. పుట్టిన బిడ్డను మనం పొత్తిళ్ళలో పెట్టేది పాత చీరలోనే, ఉయ్యాల వేసేదీ దానితోనే, బొంత కుట్టేదీ దానితోనే అని మెల్లగా గుర్తు చెయ్యండి. అప్పటికీ వద్దంటే అది వాళ్ళిష్టం.

కొనడం దగ్గర మాత్రం నేను కచ్చితంగా ఉంటాను. ఇంట్లో చావు జరిగి నెల తిరక్కుండా చీరలు అమ్మడానికి వస్తే కొనను. కొన్నాళ్ళు ఆగి, కూతుళ్ళనీ కోడళ్ళనీ అడిగి రమ్మంటాను. అప్పటికీ అమ్మాలనుకుంటే, జరీ కొనేవాడు ఇచ్చేదెంతో వాళ్ళకు చెప్పి, అంతకన్నా ఎక్కువే ఇస్తాను. చీర చరిత్ర వాళ్ళు చెబితే రాసుకుంటాను. పేర్లు మాత్రం చీటీ మీదికి ఎక్కవు. చిరుగైనా మరకైనా రఫూ అయినా ఎక్కడ ఉందో చీటీ మీద రాసి, కొనేవాళ్ళకు వేలు పెట్టి చూపిస్తాను. బాగున్న చీరని కోసి కుర్తాలు, సంచులు కుట్టించే పని మా కొట్లో లేదు. నడిమి అంతా పోయి అంచు మిగిలితేనే కత్తెర, అది పిల్లల లంగాకి వెళ్తుంది.

డబ్బు గురించి అడిగారు. నిదానంగా వస్తుంది. శ్రావణంలో, పెళ్ళి ముహూర్తాల్లో బేరాలుంటాయి. ఆషాఢంలో జనమంతా కొత్త కొట్ల తగ్గింపులకు పోతారు. రఫూ, ఉతుకు, గాలికి ఆరబెట్టడం అప్పుడు పెట్టుకోండి. నేరుగా ఎండలో వద్దు, నీడపట్టున చాలు. మడతలు మార్చి, ఉతికిన నూలు గుడ్డలో చుట్టి, వట్టివేళ్ళో ఎండు వేపాకో పక్కన పెట్టండి. కలరా ఉండలు చీరకు తగలనివ్వకండి. ప్లాస్టిక్ సంచిలో అసలు పెట్టకండి, చెమ్మ లోపలే ఉండిపోతుంది. అద్దెకు కొట్టు తీసుకోకముందు ఇంటి వరండాలోనే ఒక పెళ్ళిళ్ళ కాలం అమ్మి చూడండి. అంతకన్నా ముందు, సెలవుల్లో వెంకటగిరో గద్వాలో పుట్టపాకో వెళ్ళి మగ్గం పక్కన ఒక పూట కూర్చోండి. ఎంత గుడ్డ దిగిందో, కూలి ఎంత గిడుతుందో ఆ నేతగాణ్ణే అడగండి. ధర చీటీ రాయడం ఆ తర్వాత నేర్పుతాను.

మీ
పెద్దమ్మ