చేపల తొట్టెలో ఆగని గంట

చిరంజీవులకు,

ఆశీస్సులు. “చేపలు మాత్రలు మింగవు కదా తాతయ్యా, మరి మనుషులు వేసుకునే మాత్రల వల్ల వాటికి పిల్లలు పుట్టకపోవడమేమిటి?” అని అడిగారు. జవాబు ప్రయోగశాలలోని ఒక గాజు తొట్టెలో ఉంది. కానీ దారిలో మా బడి తగులుతుంది, ఓపిక పట్టండి.

మా బడిలో గంట అంటే చెట్టుకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క. కమ్మీతో కొడితే అన్ని తరగతులకూ వినబడేది. మోత ఒకటే అయినా చిన్న తరగతి ఇంటికి పరుగెత్తేది, పెద్ద తరగతి మరో పాఠం తెరిచేది. ఈస్ట్రోజన్ అనే హార్మోను ఒంట్లో అలాంటి గంటే. అది మోగితే ఆడచేప కాలేయం గుడ్డు సొనకు కావలసిన ప్రోటీన్ తయారు చేస్తుంది. మగచేపలో ఆ మోత చాలా తక్కువ. అయితే వినే చెవులు దాని కాలేయానికీ ఉన్నాయి! గట్టిగా మోగిస్తే, పెట్టడానికి గుడ్లే లేని మగచేప కూడా సొన సరుకు సిద్ధం చేసేస్తుంది.

ఒకసారి లెక్కల పరీక్ష మధ్యలో మా తోటివాడొకడు వెళ్లి గంట కొట్టేశాడు. సగం బడి పలకలు చంకన పెట్టుకుని గేటు దాటింది. కొట్టింది ఎవరని ఒక్కరూ వెనక్కి తిరిగి చూడలేదు. వాడికి ఆ తర్వాత ఏం జరిగిందో ఇక్కడ రాయను. శరీరం కూడా కొట్టింది ఎవరని అడగదు.

గర్భనిరోధక మాత్రల్లో వాడే ఇథినైల్ ఈస్ట్రడయోల్ అనే కృత్రిమ ఈస్ట్రోజన్‌ను 1938లో జర్మనీలో తయారు చేశారు. ఒంట్లో పుట్టే ఈస్ట్రోజన్‌ను కాలేయం త్వరగానే విరగ్గొట్టి పంపేస్తుంది. దీన్ని అంత తేలిగ్గా విరగ్గొట్టలేదు. అంటే కమ్మీ దింపేసినా మోత ఆగని గంట. మాత్ర వేసుకున్నవారి మూత్రంతో ఇది మురుగులోకి, అక్కడి నుంచి కొంత నదుల్లోకి చేరుతుంది.

ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ శాస్త్రజ్ఞులు 2004లో ప్రచురించిన ప్రయోగంలో జీబ్రా చేపలను లీటరుకు 5 నానోగ్రాముల మందున్న నీటిలో పెంచారు. ఒక్క గ్రాము మందును 20 కోట్ల లీటర్ల నీటిలో కలిపితే అంత పలుచన అవుతుంది. అది చేపకు వినబడుతుందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. పెద్దచేపలు 40 రోజులు అందులో ఉన్నా సంతానానికి లోటు రాలేదు. వాటి పిల్లలను మాత్రం గుడ్డు దశ నుంచీ అదే నీటిలో ఉంచారు. అవి పెద్దవయ్యాక పెట్టిన గుడ్లు 56 శాతం తగ్గాయి. పెట్టిన వాటిలో ఒక్కటీ ఫలదీకరణం చెందలేదు. మగవాటికి పనిచేసే వృషణాలే ఏర్పడలేదు మరి. బడి ఇంకా కడుతుండగానే గంట మోగి, మేస్త్రీలు పని మార్చేశారన్నమాట. ఇక్కడ నా గంట కొంచెం కుంటుతోంది, అయినా వదలను.

అసలు వింత ఇంకొకటుంది. ఆ మగచేపలు ఆడవాటి వెంట మామూలుగానే తిరిగాయి. ఆరోగ్యంగా ఉన్న మగవాటితో పోటీపడి వాటి పనికీ అడ్డుతగిలాయి. మొదటి తరాన్ని మాత్రమే చూసి “ఏమీ కాలేదు” అని రాసేసి ఉంటే ఎంత పొరపాటయ్యేది! ఒక మందు మంచిచెడ్డలు చెప్పేముందు మనవల దాకా ఆగి చూడాలి. నేను తాతను కాబట్టి ఈ మాట గట్టిగానే అంటాను.

కెనడాలో ఒక సరస్సులోనే 2001 నుంచి 2003 వరకు వేసవుల్లో ఈ మందు కలిపి చూశారు. అక్కడి మిన్నో అనే చిన్న చేపలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. కలపడం మానేశాక కొన్నేళ్లకు మళ్లీ పెరిగాయి.

ఒక రసాయనం వెలుపలి నుంచి వచ్చి మగచేప ఒంట్లో ఏ కణం దగ్గర ఏ పని ఆపిందో అంతా ఉత్తరంలో ఇమడదు. మీరే చూడవలసింది ఒకటుంది. జీబ్రా చేపల తొట్టె ఎక్కడ కనబడినా ఆగండి. సన్నగా, చారల మధ్య పసుపు ఛాయతో ఉండేది మగది. గుండ్రటి పొట్టతో వెండిలా మెరిసేది ఆడది. తెల్లవారి వెలుతురు పడగానే గుడ్లు పెడతాయి. ఆ గుడ్డు పారదర్శకంగా ఉంటుంది. భూతద్దం పెడితే మరునాటికే లోపల గుండె కొట్టుకోవడం కనబడుతుంది. కాస్త పెందలాడే లేవండి, ఆలస్యమైతే గుడ్లను పెద్దచేపలే తినేస్తాయి.

మీ తాతయ్య