క్యాంపస్ ప్లానింగ్: సోలార్ పలకలు, ఒక ర్యాంపు ఉంటే చాలా?

దక్షిణ ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు కాలేజీలకూ యూనివర్సిటీలకూ లేఅవుట్లు గీయడం నా పని. మీటింగుల్లో తరచూ వినపడే మాటలు కొన్ని ఇవి.

అపోహ: మెట్ల పక్కన ర్యాంపు కట్టేస్తే దివ్యాంగుల సంగతి చూసినట్టే.

వాస్తవం: ర్యాంపు వాలు ఎంతో ముందు చూడాలి. అడుగు ఎత్తు ఎక్కాలంటే కనీసం 12 అడుగుల పొడవుండాలి. మన వైపు వాన నీటి భయంతో ప్లింత్‌ను, అంటే నేల మీద నుంచి గచ్చు దాకా ఉండే ఎత్తును, రెండడుగులు లేపుతారు. అంటే 24 అడుగుల ర్యాంపు, రెండు వైపులా పట్టుకునే కమ్మీలు, పైనా కిందా కుర్చీ తిప్పుకునే చదును. కట్టేది మాత్రం ఎనిమిదో పదో అడుగులు. బైకులు ఎక్కించడానికి అది భేషుగ్గా ఉంటుంది! ర్యాంపు సరిగ్గా కట్టినా దిగగానే కంకర తగిలితే, టాయిలెట్ తలుపు మూడడుగులు లేకపోతే, పరీక్షల విభాగం లిఫ్ట్ లేని రెండో అంతస్తులో ఉంటే ఏం లాభం? పైగా 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన వైకల్యాలు 21 రకాలు. చూపు లేని విద్యార్థికి గేటు నుంచి లైబ్రరీ దాకా ఎక్కడా తెగని, బైకులు అడ్డం లేని నడకదారి కావాలి. వినపడని విద్యార్థి కోసం ఫైర్ అలారం మోగడంతో పాటు వెలగాలి కూడా.

అపోహ: సోలార్ పెడితే గ్రీన్ క్యాంపస్.

వాస్తవం: పడమటి వైపు నిలువెత్తు అద్దాల గోడ పెట్టి, పైన సోలార్ పరిస్తే పలకలు సంపాదించింది ఏసీలు తినేస్తాయి. పొడవు గోడలు ఉత్తరానికీ దక్షిణానికీ తిప్పి, కిటికీలకు సన్‌షేడ్లు ఇస్తే సగం పని అయినట్టే. 2013 అక్టోబర్‌లో ఫైలిన్ తుఫాను తీరం దాటింది గోపాల్‌పూర్ దగ్గరే. అలాంటి చోట అంత అద్దం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అపోహ: ఇక్కడ వానలకు లోటు లేదు, నీళ్ళ టెన్షన్ అక్కర్లేదు.

వాస్తవం: వాన ఎక్కువగా జూన్ నుంచి అక్టోబర్ దాకానే. వెయ్యి చదరపు మీటర్ల కప్పు మీద ఒక సెంటీమీటర్ వాన పడితే పదివేల లీటర్లు. దాన్ని కాలువలోకి వదిలేసి ఏప్రిల్‌లో ట్యాంకర్ పిలుస్తాం. కొండ దిగువ సైట్లలో ఇంకో తంటా ఉంది. జేసీబీ పెట్టి చదును చేసేటప్పుడు చిన్న వాగును పూడ్చేస్తారు. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు గజపతి జిల్లాలో కొండ చరియలే విరిగిపడ్డాయి. నీళ్ళు పాత దారి మర్చిపోవు. వాగు వారను ఖాళీగా వదిలి, ఆటస్థలమో తోటో అటు పెడితే పైసా ఖర్చు లేదు.

అపోహ: లాన్ ఉంటేనే అందం.

వాస్తవం: మే నెలలో దానికి నీళ్ళు ఎవరు పోస్తారు? వేప, కానుగ, నేరేడు నాటండి. హాస్టల్ స్నానాల నీటిని వడగట్టి వాటికి మళ్ళించండి.

అపోహ: ఇవన్నీ డబ్బున్న సంస్థలకే.

వాస్తవం: కాగితం మీద బిల్డింగును తిప్పడానికి ఖర్చేముంది? కట్టాక పగలగొట్టడానికే ఖర్చు. అందుకే లేఅవుట్ మీటింగుకు డీన్లతో పాటు హాస్టల్ వార్డెన్‌ను, స్వీపర్లను, కొండ ఊళ్ళ నుంచి వచ్చి చదువుకుంటున్న సవర తెగ అమ్మాయిలను కూడా పిలవమంటాను. చీకటి పడ్డాక లైబ్రరీ నుంచి లేడీస్ హాస్టల్ దాకా ఏ మలుపులో లైటు లేదో వాళ్ళు డ్రాయింగ్ మీద వేలు పెట్టి చూపిస్తారు.