గ్రీన్‌లాండ్ మంచు అంచు, ఎడిన్‌బరో రాగి రేకు

2011 సెప్టెంబరులో 'టైమ్స్ కాంప్రిహెన్సివ్ అట్లాస్' 13వ కూర్పు వెలువడింది. దాంతోపాటు ప్రచురణకర్తలు పత్రికలకు పంపిన ప్రకటన అట్లాసు కన్నా ఎక్కువ పేరు తెచ్చుకుంది. గ్రీన్‌లాండ్ మీద శాశ్వతంగా పరుచుకుని ఉన్న మంచులో 15 శాతం పన్నెండేళ్లలో మాయమైందని, అంటే దాదాపు 3 లక్షల చదరపు కిలోమీటర్ల మేర నేల బయటపడిందని అందులో రాశారు. పత్రికలు ఆ మాటను ఉన్నదున్నట్టు అచ్చు వేశాయి. కేంబ్రిడ్జిలోని స్కాట్ పోలార్ రిసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు ఆ పటం చూసి తెల్లబోయారు. మంచు లేదని పటం చూపిస్తున్న చోట్ల, ఉపగ్రహ చిత్రాల్లో హిమానీనదాలు నిక్షేపంగా ఉన్నాయి. ఆ కాలంలో నిజంగా తగ్గిన మంచు మొత్తంలో 0.1 శాతం దగ్గర ఉంటుందని వారి అంచనా.

తప్పు ఎక్కడ జరిగిందో త్వరలోనే తేలింది. మంచు మందం 500 మీటర్లున్న చోట గీసిన గీతను మంచు ముగిసే అంచుగా తీసుకున్నట్టున్నారు. అర కిలోమీటరు మందం దాకా ఉన్న మంచంతా అలా లెక్కలోంచి జారిపోయింది. గ్రీన్‌లాండ్ మంచు కరుగుతున్న మాట అబద్ధం కాదు. అయితే ఇంత అతిశయోక్తి బయటపడితే, అసలు కరగడమే లేదనే వారికి అది పనికొస్తుందని శాస్త్రవేత్తలు కలవరపడ్డారు. ప్రచురణ సంస్థ మొదట పటాన్ని సమర్థించుకుంది, తర్వాత ప్రకటనలోని అంకెకు క్షమాపణ చెప్పింది, చివరికి పటాన్నే సరిదిద్దడానికి ఒప్పుకుంది.

అట్లాసు మీద ఉన్నది దినపత్రిక పేరు, ప్రచురించింది హార్పర్‌కాలిన్స్. పటాలు మాత్రం మరో పాత ఇంటి వారసత్వం. ఆ ఇంటి పేరు జాన్ బార్థోలొమ్యూ అండ్ సన్, ఊరు స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో.

జార్జి బార్థోలొమ్యూ ఆ ఊళ్లో లిజార్స్ అనే అచ్చుపనివారి దగ్గర అచ్చు వేసే రాగి రేకుల మీద చెక్కే పని చేసేవాడు. అతని కొడుకు జాన్ కూడా అదే పని నేర్చి 1826లో సొంతంగా మొదలుపెట్టాడు. సంస్థ పుట్టిన ఏడుగా చెప్పుకునేది అదే. చెక్కడమంటే పటాన్ని అద్దంలో చూసినట్టు తిరగేసి చెక్కాలి. ఊరి పేరును కుడి నుంచి ఎడమకు, ప్రతి అక్షరాన్నీ అద్దంలో బొమ్మలా తిరగేసి ఊహించుకుంటూ, ఉలిమొనతో రాగిని చీల్చుకుంటూ పోవాలి. ఇంత చేశాక ఒక ఊరి పేరు తప్పుపడితే? లేదా ఆ ఏడాది కొత్త రైలుమార్గం పడితే? రేకును పారేయరు. తప్పున్న చోట గీకి, రేకును బోర్లించి, సరిగ్గా ఆ చోటు చూసుకుని వెనకనుంచి సుత్తితో మెల్లగా కొడతారు. గుంట పడిన రాగి పైకి లేస్తుంది. దాన్ని నున్నగా రుద్ది మళ్లీ చెక్కుతారు. ఒక మంచి రేకు ఇలా దశాబ్దాల పాటు దిద్దుబాట్లు భరించేది. పటాల వ్యాపారంలో అసలు సరుకు కాగితం కాదని నాకనిపించేది ఇక్కడే. దిద్దడం తెలిసిన చేతులే ఆ సంస్థ పెట్టుబడి.

సంస్థాపకుడి కొడుకైన రెండో తరం జాన్ లండన్‌లో జర్మన్ భూగోళవేత్త ఆగస్ట్ పీటర్‌మన్ దగ్గర పని నేర్చి వచ్చాడు. ఈ రోజు ఏ బడి అట్లాసు తెరిచినా కనిపించే రంగుల పద్ధతికి ఈ ఇల్లే పెద్ద ప్రచారకర్త. పల్లపు నేల ఆకుపచ్చ, ఎత్తు పెరిగే కొద్దీ గోధుమ రంగు చిక్కబడుతుంది. ఒకే ఎత్తున్న చోట్లను కలిపే సమోన్నత రేఖలు చదవడం రానివాడికి కూడా కొండ ఎక్కడుందో చూపుతోనే తెలిసిపోతుంది. 1878 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఆ పటాలు ఉంచారు. చేత్తో రంగులద్దే రోజుల్లో ఇది గిట్టుబాటయ్యే పని కాదు. ఒక్కో రంగుకు ఒక్కో రాయి చొప్పున శిలాముద్రణలో వరుసగా అచ్చు వేయగలిగినందువల్లే సాధ్యమైంది. ఒక రాయి అచ్చు వెంట్రుకవాసి పక్కకు జరిగితే కొండ నదిలోకి దిగిపోతుంది.

ఈ రంగులకు ఒక చిక్కు కూడా ఉంది. గీత కన్నా రంగు గట్టిగా మాట్లాడుతుంది. చుక్కల గీతను చూసిన పాఠకుడు 'ఇది అంచనా కాబోలు' అనుకుంటాడు. రంగు మారిన చోట అలా అనుకోడు, అక్కడ ఏదో ముగిసిందనే నమ్ముతాడు. 2011 గొడవకు బీజం ఈ పద్ధతిలోనే ఉందని నేను అనుకుంటాను.

మూడో తరం జాన్ జార్జ్ బార్థోలొమ్యూ (1860–1920) కాలంలో సంస్థ ఎడిన్‌బరో జియోగ్రాఫికల్ ఇన్‌స్టిట్యూట్ అనే పెద్ద పేరు పెట్టుకుంది. 1884లో రాయల్ స్కాటిష్ జియోగ్రాఫికల్ సొసైటీ స్థాపనలో అతనిది ముఖ్యపాత్ర. దక్షిణ ధ్రువ ఖండానికి అంటార్కిటికా అనే పేరు వ్యాపించడానికి కారకుడిగా కూడా అతన్నే చెబుతారు. మైలుకు అర అంగుళం కొలతలో అతను తెచ్చిన రంగుల పటాలను సైకిలు షికార్లవారు ఎగబడి కొన్నారు. వారి సంఘం సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్‌తో సంస్థ ఒప్పందం చేసుకుంది. సభ్యులు తాము తిరిగిన దారుల్లో కనిపించిన తప్పులు రాసి పంపేవారు, ఎడిన్‌బరోలో వాటిని చూసి దిద్దేవారు. జీతం లేని సర్వేయర్లన్నమాట. ఇప్పుడు ఫోనులో 'ఈ దారి మూసి ఉంది' అని మనం నొక్కే మీటకు ఇది ముత్తాత.

భారతదేశానికీ ఈ ఇంటితో సంబంధం ఉంది. బ్రిటిష్ కాలపు స్థల సమాచార గ్రంథమైన ఇంపీరియల్ గెజెటీర్ ఆఫ్ ఇండియాకు 1909లో వచ్చిన అట్లాసు సంపుటం పటాలు ఇక్కడ తయారైనవే. పాత మద్రాసు ప్రెసిడెన్సీ పటం కోసం వెతికేవారికి మూలన చిన్న అక్షరాల్లో బార్థోలొమ్యూ పేరు తగులుతుంది.

జాన్ జార్జ్ కలలన్నీ పండలేదు. భౌతిక భూగోళానికి అనేక సంపుటాల మహా అట్లాసు తలపెట్టాడు. అందులో వాతావరణం (1899), జంతు విస్తరణ (1911) సంపుటాలు మాత్రమే వెలుగు చూశాయి. 1911లోనే సంస్థ డంకన్ స్ట్రీట్‌లోని కొత్త భవనానికి మారింది. తాను నివసించిన ఫాల్కన్ హాల్‌ను పడగొట్టినప్పుడు దాని ముఖద్వారపు స్తంభాలు తెప్పించి ఈ భవనానికి పెట్టించాడు. పాతదాన్ని పారేయకుండా కొత్తదానికి అతికించడం ఆ కుటుంబానికి రాగి రేకుల నుంచే అబ్బిందేమో.

టైమ్స్ పత్రిక తొలి అట్లాసు 1895 నాటిది. దాని పటాలు జర్మన్ పనితనం. బార్థోలొమ్యూ పటాలతో టైమ్స్ అట్లాసు వచ్చింది 1920 తర్వాతే, జాన్ జార్జ్ కన్నుమూశాక. అతని కొడుకు జాన్ హయాంలో 1955–59 మధ్య అయిదు సంపుటాల కూర్పు వెలువడింది. ఇప్పటి అట్లాసుకు తాత అదే.

ఆ తర్వాతి కథ వ్యాపార పత్రికల్లో తరచూ చదివేదే. 1980లో కుటుంబం సంస్థను రీడర్స్ డైజెస్ట్‌కు అమ్మింది. 1985లో అది న్యూస్ ఇంటర్నేషనల్ చేతికి వెళ్లింది. అప్పటికే టైమ్స్ పత్రిక కూడా ఆ యజమానిదే కనుక అట్లాసు మీద పేరు, లోపలి పటాలు ఒకే గూటికి చేరాయి. 1989లో దాన్ని కాలిన్స్‌తో కలిపారు. 1995లో డంకన్ స్ట్రీట్ తలుపులు మూసి పనిని గ్లాస్గో వైపు తరలించారు. సంస్థ దస్తావేజులు, రాగి రేకులు స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయానికి చేరాయి. అచ్చయిన ప్రతి పటం నుంచి ఒక ప్రతిని పెద్ద పుస్తకాల్లో అతికించి దాచిన ముద్రణ రికార్డు కూడా అక్కడే ఉంది. ఏ పటం ఎప్పుడు ఎలా మారిందో పేజీలు తిప్పి చూడవచ్చు.

చేతులు మారినందువల్లే గ్రీన్‌లాండ్ తప్పు జరిగిందనడం అన్యాయం. రాగి రేకుల కాలంలోనూ తప్పులు పడ్డాయి, అంత సుత్తిపని అవసరమైంది అందుకే. తేడా వేరే చోట ఉంది. అప్పట్లో పటం ఒక అంచనాగా బజారులోకి వెళ్లి, సైకిలువాడి ఉత్తరంతో వెనక్కి వచ్చేది. 2011లో పటంతో పాటే దాని అర్థం చెప్పే ప్రకటన కూడా వెళ్లింది. మందం గీత ఎందుకు గీశారో తెలిసినవారికి ఆ ప్రకటన బయటికి పోకముందే చూపించి ఉంటే, 15 శాతం అనే అంకె బల్ల దాటేది కాదు.

2012 మొదట్లో శాస్త్రవేత్తల సహాయంతో కొత్త గ్రీన్‌లాండ్ పటం గీశారు. అప్పటికే అట్లాసు అచ్చయి అమ్ముడుపోతోంది. అంత బరువైన పుస్తకాన్ని రేకులా బోర్లించి సుత్తితో కొట్టడం కుదరదు. దిద్దిన పటాన్ని విడి కాగితంగా అచ్చు వేసి, అట్లాసు పేజీల మధ్య పెట్టుకోమని పాఠకులకు ఇచ్చారు.