వాన వెలిశాక తవ్వే గుంత

వాన తగ్గిన మర్నాటికి కాలనీలో నీళ్లు తీస్తాయి, కరెంటూ వస్తుంది. నెట్ మాత్రం రెండు మూడు రోజులైనా రాదు. అడిగితే "కేబుల్‌లో నీళ్లు పోయాయండీ" అంటారు. హైదరాబాద్‌లో ల్యాండ్‌లైన్ల రోజుల నుంచీ ఇదే జవాబు. ఈలోగా కేబుల్ మాత్రం చాలా మారింది.

మొదట్లో రాగి తీగలకు కాగితం చుట్టి, పైన సీసపు తొడుగు వేసేవారు. కాగితం పొడిగా ఉన్నంతసేపే మాట వినిపించేది. తొడుగుకు గుండుసూది మోపినంత చిల్లు పడినా తేమ లోపలికి పాకేది. అందుకే టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ నుంచి పొడిగాలిని ఒత్తిడితో కేబుల్‌లోకి పంపేవారు. చిల్లు పడితే గాలి బయటికి వస్తుంది, నీళ్లు లోపలికి రాలేవు. అయినా తడిస్తే ఇక తీగలు కలిపే జాయింటర్ రావాల్సిందే. గుంతలో నీళ్లు తోడి, పైన టార్పాలిన్ కట్టి, తడిసిన ముక్క కోసేసి, వందల జతల తీగలను ఒక్కొక్కటే కలిపి, ప్రతి ముడి మీదా చిన్న కాగితపు గొట్టం తొడగాలి. ఒక్క జత తారుమారైతే మీ ఫోను పక్కింట్లో మోగుతుంది.

తర్వాత జెల్లీ కేబుల్ వచ్చింది. తీగకు తీగకు పాలిథిన్ తొడుగు, సందుల్లో పెట్రోలియం జెల్లీ. హిందుస్థాన్ కేబుల్స్ వీటిని మన హైదరాబాద్ యూనిట్‌లోనే తయారు చేసేది. ఆ సంస్థను మూసేయాలని కేంద్రం 2016లో నిర్ణయించింది. జెల్లీతో నీళ్లు కేబుల్ పొడవునా పాకడం ఆగింది కానీ జాయింటు బలహీనత పోలేదు. 2000 ఆగస్టు 24న నగరంలో ఒక్కరోజే 24 సెంటీమీటర్ల వాన పడేనాటికి, ఇళ్లలో ఫోనంటే చాలావరకు ఈ రాగి తీగే.

2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్లు కురిసేసరికి ఊరంతా ఇంటి నుంచే పని, ఆన్‌లైన్ క్లాసులు. రాగి స్థానంలో ఫైబర్ వచ్చేసింది. గాజుపోగులో వెళ్లేది వెలుతురు కాబట్టి తడిస్తే షార్ట్ అవ్వదు. అయితే వరదకు రోడ్డు కోసుకుపోతే కేబుల్ లాగుడుకు తెగుతుంది. ఆ రోడ్డును బాగుచేయడానికొచ్చిన జేసీబీ మిగిలినదీ తెంపుతుంది. నా ఉద్దేశంలో రెండోదే పెద్ద బాధ. టెలికాం ప్రమాణం ప్రకారం ఫైబర్ 1.65 మీటర్ల లోతున ఉండాలి. మనది రాతినేల, బండ తగిలినచోట లోతు తగ్గుతుంది. తవ్వేముందు కేబుల్ యజమానులకు చెప్పేందుకు కేంద్రం 2023 మార్చిలో 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్ తెచ్చింది. వరద పనుల హడావుడిలోనే దాన్ని తప్పకుండా వాడాలి.

2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయాక, కరెంటు స్తంభాల మీది నెట్, టీవీ కేబుళ్లు తొలగించడం మొదలైంది. వాటిని భూమిలో వేయాలన్న మాట మళ్లీ గట్టిగా వినిపించింది. వేయాలి, నిజమే. ఆ జాయింట్లు చేసేవాళ్లకు తగిన టైమూ ఇవ్వాలి. వెంట్రుక మందం పోగును స్పిరిట్‌తో తుడిచి, మిషన్‌లో పెట్టి అతికించి, జాయింటు పెట్టె మూత బిగించేముందు రబ్బరు సీలు తుడవాలి. దాని మీద బురద మిగిలితే వచ్చే వానాకాలం మళ్లీ అక్కడే తవ్వాలి.